పూత చూసి చెప్పిన లెక్క

నూజివీడు స్టేషన్లో దిగినవాడికి నూజివీడు కనబడదు, బాపులపాడు కనబడుతుంది. ఈ సంగతి మా చుట్టుపక్కల చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మా తమ్ముడి స్నేహితుడికి తెలియదు. బెంగళూరు నుంచి బెజవాడ చేరి, అక్కడ బండి మారి, సంక్రాంతి వెళ్లిన మూడో రోజు పొద్దున్నే ఆ స్టేషన్లో దిగాడు. భుజాన గోల్ఫ్ కర్రల సంచి. దిగీ దిగగానే నాకు ఫోను.

"అన్నయ్యా, స్టేషన్ బయట నుంచున్నాను. తోటకి ఇక్కణ్ణించి పది నిమిషాల నడక అని ఉంది. ఎటు నడవమంటారు?"

"అని ఉంది అంటే? ఎవరు చెప్పారయ్యా?"

"ఏఐ చెప్పింది."

నూజివీడు ఊరు అక్కడికి పదిహేను కిలోమీటర్ల పైమాటే. మద్రాసు, కలకత్తాల మధ్య వేసిన రైలు దారి మైదానం పట్టుకుని పోయింది, జమీందారుగారి ఊరు లోపలికి ఉండిపోయింది. పేరు మాత్రం స్టేషన్‌కి అతికింది. పైగా 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, బాపులపాడు కృష్ణాలోనే ఆగింది. అంటే ఆ కుర్రాడు వేరే ఊళ్లోనే కాదు, వేరే జిల్లాలో దిగాడన్నమాట. హనుమాన్ జంక్షన్లో ఆంజనేయస్వామి గుడి దగ్గరికి వచ్చి టీ తాగుతూ ఉండమని చెప్పి, బావ మోటారుసైకిల్ తీసుకుని బయల్దేరాను. సంచి చూసి టీకొట్టు ఆయన "క్రికెట్టాండీ?" అని అడిగాడట. కాదు, గోల్ఫ్ అంటే, "ఇక్కడెక్కడ ఆడతారండీ?" అన్నాడట. ఆ ప్రశ్న దగ్గరే మా ప్రయాణమంతా మొదలైంది.

డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు పండక్కి వస్తూ, తనతో చదువుకున్న ముగ్గుర్ని బెంగళూరు నుంచి రమ్మన్నాడు. మూడు రోజులు ఎక్కడైనా గోల్ఫ్ ఆడాలని పథకం. నేను ఉద్యోగం చేసే రోజుల్లో హైదరాబాదులో ఈ ఆట అంటించుకున్నాను. మిలిటరీ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన డాక్టరమ్మగారు ఒకరు గన్నవరంలో ఉంటారు. కంటోన్మెంట్ ఉన్న చాలాచోట్ల గోల్ఫ్ మైదానం ఉంటుంది కాబట్టి ఆవిడ దేశమంతా ఆడి వచ్చారు, మా అందరికన్నా బాగా ఆడతారు. బ్యాంకు మేనేజరుగా చేసి దిగిన మరో మిత్రుడు ఉన్నారు. వెరసి ఏడుగురం. ఎనిమిదోవాడు బావ. నూజివీడు రోడ్డులో పన్నెండెకరాల మామిడితోట ఉంది. జన్మలో గోల్ఫ్ కర్ర పట్టలేదు. "మీరు ఆడండి, నేను చూస్తా. తోటలో మందు కొట్టడం అయిపోయింది, నాకూ గాలి మారుద్ది" అన్నాడు.

మకాం వాళ్ల తోటలోనే. జనవరిలో నూజివీడు తోటలు చూడనివాళ్లకి ఆ వాసన ఎలా చెప్పాలో తెలియదు. తీపీ కాదు, పులుపూ కాదు, పచ్చిగా, కాస్త మత్తుగా ఉంటుంది. చెట్టు నెత్తిన పసుపు ఆరబోసినట్టు పూత. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, పచ్చళ్లకీ రసం ఫ్యాక్టరీలకీ పోయే కలెక్టరు కాయ. బయట తోతాపురి అనేదాన్ని మా వైపు కలెక్టరే అంటారు. మల్లవల్లి వైపు బస్సుల ఫ్యాక్టరీ, పారిశ్రామికవాడ వచ్చాయి, ఇటు పామాయిల్ తోటలు పెరిగాయి. అయినా ఇంకా మామిడే ఈ నేల మొహం.

ఆ పూత కింద నులకమంచాలు వేసుకుని కూర్చున్నాం. తమ్ముడు ఫోను తీశాడు. అసలు నెలక్రితమే డల్లాస్ నుంచి ఏఐని అడిగాడట, ఒకే ఒక్క వాక్యం: నూజివీడు దగ్గర ఎనిమిదిమందికి మూడు రోజుల గోల్ఫ్ యాత్ర వేసిపెట్టు. దానికి వచ్చిన జవాబు చదివి వినిపించాడు. నూజివీడులో మామిడితోటల నడుమ తొమ్మిది గుంతల మైదానం ఉందట. పేరు కూడా ఉంది. అక్కడ రోజుకి 36 గుంతలు ఆడాలట. సాయంత్రం దగ్గర్లోని బీరు తయారీశాల. రాత్రికి స్టేక్. రావడానికి మంచి కాలం మే నెల, ఎందుకంటే మామిడిపళ్లు దొరుకుతాయి.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మేలో మా తోటలో మేకే నీడ వదిలి బయటికి రాదు. వీళ్లు ఎండలో కర్రలు పట్టుకుని తిరుగుతారా?"

పండు కావాలంటే మే, బంతి కావాలంటే జనవరి. ఈ రెండూ ఒక్క నెలలో దొరకవని దానికెవరూ చెప్పలేదు. ఆ మైదానమూ లేదు, బీరు తయారీశాలా లేదు. మరి అంత ధీమాగా ఎలా చెప్పింది? తమ్ముడు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి బావకి విడమర్చాడు. అది కళ్లతో చూసి చెప్పేది కాదు బావా, ఇంతకుముందు చదివిన కోట్లాది వాక్యాల్లో ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. నూజివీడంటే మామిడితోట, తోటంటే రిసార్టు, రిసార్టుంటే గోల్ఫ్. గోల్ఫ్‌కి మిత్రబృందం అన్నావా, అమెరికావాళ్లు మిర్టిల్ బీచ్‌కి గుంపుగా పోయి రోజుకి రెండేసి ఆటలు ఆడి బీరు తాగే పద్ధతి దాని బుర్రలో ఉంది. అదే అచ్చు తీసి మన తోటలో పెట్టింది.

బావ కాసేపు పైకి చూశాడు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ తలలో తిరుగుతోంది.

"అంటే పూత చూసి కాత చెప్పడం."

మా వైపు తోటలు పూత మీదే చేతులు మారతాయి. తోట కొనేవాడు జనవరి, ఫిబ్రవరుల్లో వచ్చి చెట్లమధ్య తిరుగుతాడు. కొమ్మ వంచి చూస్తాడు, ఆకు తిప్పి తేనెమంచు పురుగు ఉందేమో చూస్తాడు, ఆకాశం కేసి చూస్తాడు. ఇన్ని టన్నులు దిగుతుందని మనసులో లెక్క వేసుకుని గుత్త ఇంతని చెప్పి బయానా ఇస్తాడు. మామిడి పూతలో వందకి ఒక్కటి కూడా కాయగా నిలవదు. మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా, మార్చిలో గాలివాన కొట్టినా లెక్క తారుమారు. అంటే అతను చేసేదీ ఊహే. "కాకపోతే వాడు బయానా ఇచ్చి చెప్తాడు. లెక్క తప్పితే వాడి డబ్బు పోద్ది. దీనికి ఏం పోద్ది?" అన్నాడు బావ.

తమ్ముడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. డాక్టరమ్మగారు మాత్రం, "తోట కొనేవాడు నీ చెట్లు చూసి చెప్తాడు. మనం దీనికి చెట్లు చూపించామా?" అన్నారు.

అప్పుడు ఫోను బావ చేతికి వెళ్లింది. తమ్ముడు మైకు బొమ్మ నొక్కి, తెలుగులోనే మాట్లాడు, దానికి అర్థమవుతుంది అన్నాడు. బావ గొంతు సవరించుకుని, కొత్తగా వచ్చిన పాలేరుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "ఇదిగో చూడు. మేం ఎనిమిదిమందిమి. బాపులపాడు దగ్గర ఉన్నాం. మూడు రోజులు టైముంది. ముందు నువ్వేం చెప్పొద్దు. చెప్పాలంటే నీకు ఏం తెలియాలో మమ్మల్ని అడుగు. తెలియనిది తెలియదని చెప్పు, ఉందని మాత్రం అనకు."

దేశాల్లో ఈ విద్య మీద క్లాసులు పెట్టి డబ్బులు గుంజుతున్నారు. ముందు ప్రశ్నలడగమను, నీ పరిమితులు చెప్పు, రూఢి కానిదాన్ని విడిగా చూపించమను. వాళ్లు నేర్పేదాని సారం ఇంతే. బావ దాన్ని పాలేరుకి పని ఒప్పజెప్పిన అనుభవంతో ఒక్క గుక్కలో అనేశాడు.

పదకొండు ప్రశ్నలు వచ్చాయి. అక్కణ్ణించి అసలు తమాషా.

మొదటి ప్రశ్న అందరి హ్యాండీక్యాప్ ఎంత అని. ఇదేమిటో తెలియనివారికి ఒక్క ముక్క: ఆటగాడు బాగా ఆడిన రోజుల్లో మైదానానికి నిర్ణయించిన దెబ్బల కన్నా ఎన్ని ఎక్కువ తీసుకుంటాడో చెప్పే అంకె అది. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి. చివరి ఇరవై ఆటల్లో బాగా ఆడిన ఎనిమిదింటి సగటు తీస్తారు. అంకె పెద్దదైతే అన్ని దెబ్బలు రాయితీ దొరుకుతుంది, కాబట్టి చెత్తగా ఆడేవాడూ గొప్పగా ఆడేవాడితో పోటీకి దిగొచ్చు. మరే ఆటలోనూ ఇంత దయ లేదు. అయితే అంకె నిజం చెప్పాలి. మా మేనేజరుగారు పదిహేనేళ్లుగా తనది 18 అని చెబుతూ వచ్చారు. ఆ సాయంత్రం పూత కింద, ఎవరి మొహమూ చూడకుండా, "28 అని కొట్టు" అన్నారు. గౌరవం కోసం మనిషి అంకె తగ్గించుకుంటాడు, గెలుపు కోసం పెంచుకుంటాడు. ఈయన పదిహేనేళ్లు గౌరవం కోసం ఓడిపోయారన్నమాట.

తర్వాతి ప్రశ్న ఎంత దూరం నడవగలరు అని. పద్దెనిమిది గుంతలు నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు. నాలుగు గంటల పైన పడుతుంది. తమ్ముడు మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. పిన్నికి కూడా తెలియదు. డబ్బు ప్రశ్న వచ్చినప్పుడు బెంగళూరు కుర్రాళ్లలో ఒకడు లేచి బావి దగ్గరికి పోయాడు. ఉద్యోగం పోయి నాలుగు నెలలైందని వాడి స్నేహితులకే ఆ రాత్రి తెలిసింది. గదులు ఎలా పంచుకుంటారు అని అడిగినప్పుడు నా గురక బయటపడింది. అది ముందే అందరికీ తెలుసట, నాకు తెలియదనుకున్నారట. శనివారం మాంసం తిననివాళ్లు ఇద్దరు, ఏ వారమైనా తినేవాళ్లు అయిదుగురు, ఎప్పుడూ తినని ఆవిడ ఒకరు. ముప్పై ఏళ్లుగా ఒకరినొకరం ఎరుగుదుం. ఇవన్నీ ఎదురుగా ఉన్న మనుషులకి చెప్పుకోలేక ఒక గాజుపలకకి చెప్పుకున్నాం. చివరికి ఫోను చేతులు మారుతూ వెళ్లింది. ఎవరి సంగతి వాళ్లు పక్కకి తిరిగి టైపు చేసి ఇచ్చారు.

తెలుగులో అడగడంలో చిక్కులు ఉన్నాయి. "నా డ్రైవరు బాగోలేదు, అక్కడ అద్దెకి దొరుకుతుందా" అని మేనేజరుగారు అడిగారు. గోల్ఫ్‌లో డ్రైవరంటే బంతిని దూరం కొట్టే పెద్ద కర్ర. అది మాత్రం కారు నడిపే మనిషిని మాట్లాడుకునే పద్ధతి ఓపిగ్గా వివరించి, అతని లైసెన్సు చూసుకోమని హెచ్చరించింది. పద్దెనిమిది రంధ్రాలు అని రాసింది. "రంధ్రాలేంట్రా, ఎలక బొరియలా? గుంతలనొచ్చుగా" అన్నాడు బావ. ప్రతి పేరా చివరా ఆస్వాదించండి అని ఒక మాట. మా ఇళ్లలో ఎవరూ దేన్నీ ఆస్వాదించరు. తింటాం, తాగుతాం, చూస్తాం, బాగుందంటాం.

ఇక ఎటు వెళ్లాలన్నది. హనుమాన్ జంక్షన్లో నాలుగు దార్లు: ఉత్తరాన నూజివీడు, దక్షిణాన గుడివాడ, తూర్పున ఏలూరు, పడమర బెజవాడ. తూర్పుకి పోతే విశాఖ, పడమరకి పోతే హైదరాబాదు. ఏ వైపు పోయినా మూడొందల కిలోమీటర్ల పైచిలుకే, ఇంచుమించు సమానం. హైదరాబాదులో ఎంచుకోవడానికి ఎక్కువ ఉంది. గోల్కొండ కోటలో నయా ఖిల్లా లోపల ఒక మైదానం ఉంది. కుతుబ్‌షాహీల బురుజులు కనబడుతుంటే బంతి కొట్టడం, అక్కడి బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు, హాతియాన్ కా ఝాడ్ అంటారు, దాని కాండం చూసి నోరు తెరవడం నేను చేసినవే. చారిత్రక కోటలో ఈ ఆటేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా కొట్టిపారెయ్యలేం. గచ్చిబౌలిలో రాళ్ల గుట్టల మధ్య పీటర్ హరాడైన్ గీసిన బౌల్డర్ హిల్స్ ఉంది. అయినా మాకు హైదరాబాదు అంటే చుట్టాలు. వెళ్లామని తెలిస్తే నలుగురి ఇళ్లకి భోజనానికి పోవాలి, పోకపోతే మాటొస్తుంది. ఏఐకి ఈ మాట కూడా చెప్పాడు తమ్ముడు. "బంధువుల ఒత్తిడి తక్కువగా ఉండే గమ్యం: విశాఖపట్నం" అని పట్టికలో ఒక గడి కట్టి మరీ చూపించింది. ఆ ఒక్క గడికి నేను దానికి నూటికి నూరు మార్కులు వేస్తాను.

ఈసారి అది వేసిన పథకం మనుషులు వేసినట్టుంది. రోజుకి పద్దెనిమిది గుంతలే, పొద్దున్నే. మోకాలి మనిషికి తొమ్మిది చాలు. ఆటలో తేడాలున్నాయి కాబట్టి స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి పెట్టుకొమ్మంది. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరుగారు కనిపెట్టినది, 1932లో ఇంగ్లండులో మొదటిసారి పోటీగా ఆడారు. దెబ్బలు కాక మార్కులు లెక్కిస్తారు. రాయితీ తీసేశాక గుంతకి నిర్ణయించిన దెబ్బల్లో ముగిస్తే రెండు మార్కులు, ఒకటి ఎక్కువైతే ఒకటి, అంతకు మించితే సున్నా. సున్నా కన్నా కింద ఏమీ లేదు. ఒక గుంతలో పన్నెండు కొట్టినా ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు, బంతి జేబులో వేసుకుని పక్క గుంతకి పోవచ్చు. కింద విడిగా ఒక ముక్క రాసింది: క్లబ్బు అతిథులను ఏ రోజుల్లో అనుమతిస్తుందో, రుసుము ఎంతో నాకు నిశ్చయంగా తెలియదు, ఫోన్ చేసి కనుక్కోండి.

నాలుగు నిమిషాల ఫోనుతో ఆ పని నేను పూర్తి చేశాను. అవతల మాట్లాడిన గుమాస్తా మొదట అడిగింది, "ఎంతమంది సార్? అందరికీ హ్యాండీక్యాప్ కార్డులున్నాయా?" అని.

పది సీట్ల బండి మాట్లాడుకుని మర్నాడు చీకటితోనే కదిలాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు. రోడ్డు నల్లగా, పొగమంచు తెల్లగా. రావులపాలెం దగ్గర గోదావరి దాటేసరికి సూర్యుడు నీళ్లమీద ఉన్నాడు. పథకం ప్రకారం అక్కడ ఆగకూడదు. బావ ఆపించి ఆత్రేయపురం పూతరేకులు మూడు డబ్బాలు కొన్నాడు. "ఇది దానికి చెప్పలేదు" అని తమ్ముడు గునిస్తే, "అన్నీ దానికి చెప్తామా?" అన్నాడు.

దారిలో తమ్ముడు సాహిత్ తీగల గురించి చెప్పాడు. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగు కుర్రాడు, తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో ఇచ్చే పెద్ద బహుమతులు మూడూ అతనికే. 2022లో ఫీనిక్స్ పోటీలో ఆఖరి రోజు గెలిచేలా ఉండి, పదిహేడో గుంతలో బంతి ఉరికి నీళ్లలో పడి ఓడిపోయాడు. ఏడాదిన్నర తర్వాత, 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ పోటీ గెలిచాడు. ఇదంతా చెప్పి, తమ్ముడు అసలు కథకి వచ్చాడు. 2024లో అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్. బోలెడు డబ్బు ఉన్న పోటీ. మూడో రోజు మూడో గుంతలో బంతి ఇసుక గోతిలో పడింది. దాన్నే బంకర్ అంటారు. అందులోంచి కొట్టేటప్పుడు కర్రని వెనక్కి తీసే ఊపులో ఇసుకకి తగలకూడదు. తగిలితే రెండు దెబ్బలు శిక్ష. తగిలిందని సాహిత్‌కి అనిపించింది. ఇంకెవరూ వేలెత్తకముందే తనే చెప్పి రెండు దెబ్బలు వేయించుకున్నాడు. అయినా మూడో స్థానంలో నిలిచాడు.

"ఎవరూ చూడకపోయినా?" బావ అడిగాడు.

"ఎవరూ చూడకపోయినా. గోల్ఫ్‌లో అంపైరు పక్కన ఉండడు బావా. తప్పు ఎవడిది వాడే చెప్పుకోవాలి."

"ఇసక తగిలితే రెండు" అని బావ తనలో తను ఒకసారి అనుకున్నాడు, రేటు గుర్తుపెట్టుకున్నట్టు.

అన్నవరం ఆపాలా వద్దా అని రాజమండ్రి దాటినప్పటి నుంచి చర్చ. పథకంలో లేదు. బావ ఓటు ఒక్కటే పడింది, బండి ఆగింది. కొండ మెట్ల మీద సత్యనారాయణ వ్రతం చేసుకుని దిగుతున్న కొత్త జంటలు, పసుపు బట్టలు, ఫొటోలు. విస్తరాకులో చుట్టి ఇచ్చే ఆ గోధుమరవ్వ ప్రసాదం చేతికి నెయ్యి అంటేలా తిని, మళ్లీ రోడ్డెక్కాం. తుని, నక్కపల్లి, అనకాపల్లి త్వరగానే గడిచాయి. విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ కేంద్రం కడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది కదా. ఊరి పొలిమేరకి రాగానే బెంగళూరు కుర్రాడొకడు ఫోనుని కిటికీకి చూపించి, "చూసుకోవే, మీ పుట్టింటికి తీసుకొచ్చాం" అన్నాడు. మేం వాడుతున్నది ఏ కంపెనీదో కూడా చూసుకోకుండా.

ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ బ్రిటిష్ కాలంలో పుట్టినది. ఇప్పుడు ముడసర్లోవలో ఉంది. దగ్గర్లో కంబాలకొండ అడవి, ఊరికి నీళ్లిచ్చిన పాత జలాశయం, దానిమీద తేలే సోలార్ పలకలు. రెండు మెగావాట్ల కరెంటు వస్తుందట. ఊరు సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చుంటే ఈ చోటు వీపు వైపు ఉన్నట్టుంటుంది. జనవరిలో ఇక్కడ తెల్లారడం ఆరున్నర. ఏడింటికి ముందే మొదటి గుంత దగ్గర నుంచున్నాం. గడ్డి మీద మంచు, బూట్లు తడి. మంచులో నడిచిన మా అడుగుల గుర్తులు నల్లటి గీతల్లా వెనకే వచ్చాయి.

ఫోనులో ప్రతి గుంతకీ వ్యూహం తీసిపెట్టుకున్నాడు తమ్ముడు. మొదటి గుంతలోనే నా సంచి మోసే క్యాడీ, ఆరిలోవ మనిషి, యాభై దాటినవాడు, ఆ ఫోను వైపు ఒక చూపు చూసి ఏమీ అనలేదు. నేను కర్ర తీయగానే, "అది వద్దు బాబూ, చిన్నది తీయండి. మీ ఊపు చూశాను" అన్నాడు. సంచిలోంచి కర్ర తీసి ఆడించిన రెండు నిమిషాల్లో నా ఆట మొత్తం చదివేశాడు. గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద బంతి ఎడమకి దొర్లుతుందని నా కళ్లు చెప్పాయి. కుడికి పోతుందని అతను చెప్పాడు. కుడికే పోయింది. ఏడో గుంత దగ్గర ఆకాశం కేసి చూసి, "గాలి తిరిగిపోద్ది బాబూ, వేగిరం కొట్టీయండి" అన్నాడు. పది నిమిషాల్లో సముద్రం గాలి మొహానికి తగిలింది. బావకి అతను బాగా నచ్చాడు. "ఇతను తోట కొనేవాడి బాపతు" అని నా చెవిలో అన్నాడు. చెట్టు చూసి చెప్పేవాడు అని దానర్థం.

బావకి ఆట అర్థమైంది బిళ్లంగోడు ద్వారా. చిన్నప్పుడు తోటల్లో ఆడినదే కదా, బిళ్ల బదులు బంతి, మనమైతే గుంతలోంచి బయటికి లేపుతాం, వీళ్లు ఎక్కడెక్కణ్ణించో కొట్టి గుంతలో వేస్తారు అన్నాడు. గోల్ఫ్ గురించి ఇంతకన్నా చక్కగా చెప్పినవాణ్ణి నేను ఎరగను. ఎండ ఎక్కేకొద్దీ నీళ్ల సీసా పట్టుకుని నా వెంటే నడిచాడు.

పద్నాలుగో గుంతలో నా రెండో దెబ్బ ఇసుక గోతిలో పడింది. మిగతావాళ్లు అవతలి పక్క ఉన్నారు. క్యాడీ జెండా దగ్గరికి పోయాడు. బావ గట్టు మీద నుంచున్నాడు. కాళ్లు ఇసుకలో గట్టిగా పూడ్చుకుని కొట్టాను. బంతి మెత్తగా లేచి గ్రీన్ మీద పడింది. రెండు తోపుల్లో గుంతలో వేశాను. అయిదు. నా రాయితీ తీసేస్తే రెండు మార్కులు. ఆ దెబ్బకి డాక్టరమ్మగారు అవతలి నుంచి చప్పట్లు కొట్టారు.

మేనేజరుగారు ఆ రోజు తన నిజమైన 28తో ఆడి జీవితంలో మొదటిసారి 30 మార్కులు దాటారు. మీసం మెలేసి తిరిగారు. ఉద్యోగం లేని కుర్రాడు మూడు రోజులూ కులాసాగా ఆడాడు. వాడి వాటా ఎవరు కట్టారో ఎవరూ అడగలేదు, బయటపడలేదు. తమ్ముడి మోకాలు తొమ్మిదో గుంతతో మొరాయించింది, పథకంలో ఉన్నట్టే. సాయంత్రాలు రామకృష్ణా బీచ్, వేయించిన పల్లీలు, నా గురక వినపడని దూరంలో అందరికీ గదులు. మూడో రోజుకి మార్కులన్నీ కూడితే డాక్టరమ్మగారి కన్నా ఒక్క మార్కు ఎక్కువతో నేను గెలిచాను. గెలిచినవాళ్లకి మే నెలలో ఒక బుట్ట చిన్నరసాలు ఇస్తానని బావ బయల్దేరేముందే పందెం పెట్టాడు.

తిరుగు దారిలో అనకాపల్లి దాటాక తమ్ముడు స్కోరు కార్డులు ఫొటోలు తీసి, మా మూడు రోజుల కబుర్లూ చెప్పి, యాత్రా విశేషం రాయమని ఏఐకి ఇచ్చాడు. నిమిషంలో రాసింది. బండిలో గట్టిగా చదివాడు. మేనేజరుగారి పట్టుదల, డాక్టరమ్మగారి నైపుణ్యం, కొండలు, సముద్రం. నా గురించి: పద్నాలుగో గుంతలో బంకర్ నుంచి కొట్టిన అద్భుతమైన దెబ్బతో, నిజాయితీ నిండిన క్రీడాస్ఫూర్తితో విజేతగా నిలిచారు. ఆ స్ఫూర్తిని అందరూ ఆస్వాదించారు.

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. తుని వెళ్లిపోయింది. రోడ్డు పక్క దేవస్థానం బోర్డులు మొదలయ్యాయి.

ముందు సీట్లో కూర్చున్న బావ వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి నా కేసి చూశాడు.

"అన్నవరం వస్తోంది బావా. పడవలో ఏమున్నాయి? ఆకులూ అలములేనా?"